నడుముకి తాడు కట్టుకుంటే అది సాహసం కాకుండా పోతుందా?

#1 సన్నతీగ
నిన్న రాత్రి నిక్ వాలెండా తీగ మీద నడిచి నయాగరా దాటిన వీడియో మళ్లీ చూశాను. 2012 జూన్ 15 నాటిది. కళ్లలోకి కొట్టే తుంపర, తడిసిన కేబుల్, కాళ్ల కింద జలపాతం హోరు. ఎన్నిసార్లు చూసినా నాకు అరచేతులు చెమటలు పడతాయి. అయిపోయాక కామెంట్లలోకి వెళ్లడమే నేను చేసిన పొరపాటు. ఎటు చూసినా ఒకటే పాట: "నడుముకి తాడు ఉందిగా, ఇంకేం సాహసం", "మోసం", "ఇలాగైతే మా నాన్నమ్మ కూడా నడుస్తుంది".

ఒళ్లు మండిపోయింది. ఆ తాడు ఆయన అడిగి కట్టించుకున్నది కాదు. ప్రసారం చేస్తున్న టీవీ ఛానల్ పట్టుబడితే ఇష్టం లేకపోయినా ఒప్పుకున్నాడు. పోనీ ఆ తాడేమైనా ఆయన్ని నడిపించిందా? వెనకాల ఈడ్చుకుంటూ వచ్చిందంతే. అడుగులన్నీ ఆయనవే.

సూటిగా అడుగుతున్నా. ఇలాంటి విన్యాసాలు మనం ఎందుకు చూస్తాం? వాళ్లు చేసేది చూడటానికా, పడతారేమోనని చూడటానికా?

#2 పాతకాగితాలు
ఆ కామెంట్లు పెట్టేవాళ్లంతా "అసలు మొనగాడు బ్లాండిన్" అని కూడా అంటుంటారు. బ్లాండిన్ గురించి సగమే తెలుసు వాళ్లకి.

1859 జూన్ 30న తాడు మీద నడిచి ఆయన దాటింది నయాగరా జలపాతాన్ని కాదు, దాని దిగువన ఉన్న లోయని. తాడు పొడవు దాదాపు 335 మీటర్లు. ఒంటికి తాడు కట్టుకోలేదు, నిజమే. కానీ నడిచే తాడు ఊగకుండా రెండు గట్ల నుంచీ బోలెడన్ని గై తాళ్లు కట్టించుకున్నాడు. నడిమధ్యన కొంత మేర మాత్రం కట్టడానికి వీల్లేక వదిలేశారు. అంటే ఆయనా జాగ్రత్తపడ్డాడు. ఆ జాగ్రత్త ఒంటి మీద కాకుండా తాడు మీద ఉంది, అంతే తేడా. ఆ వేసవిలోనే తన మేనేజర్ హ్యారీ కోల్కార్డ్‌ని వీపున ఎక్కించుకుని దాటాడు.

ఇంతా చేసి ఆయన పోయింది 1897లో, మంచం మీద, మధుమేహంతో.

#3 గవాక్షం
అదే నయాగరా మీద 1876లో మరియా స్పెల్తెరీని అనే ఆవిడ కాళ్లకి పళ్ల బుట్టలు కట్టుకుని నడిచింది. ఆ మాట ఎవరూ ఎత్తరేం?

#4 నిక్కచ్చి
అందరూ ఒక వైపే మాట్లాడుతున్నారు కాబట్టి నేను రెండో వైపు చెప్తా. కోపం తెచ్చుకోకండి.

నేల మీద గీత గీసి దాని మీద అర కిలోమీటరు తూలకుండా నడిస్తే ఎవరైనా చూస్తారా? చూడరు. అదే గీతని ఎత్తున కడితే లోకమంతా చూస్తుంది. మారిందేమిటి? పడితే చస్తాడు అన్న ఒక్క విషయం. దాన్ని తీసేస్తే మిగిలేది వ్యాయామం. తాడు కట్టుకున్న మనిషి గొప్ప కసరత్తు చేసే మనిషే, కాదనను. కానీ సాహసం అన్న మాటకి ఒక వెల ఉంది, ఆ వెల ప్రాణం. అది పెట్టనప్పుడు ఆ మాట వాడకూడదని నా పట్టుదల.

#5 కొత్తగువ్వ
@నిక్కచ్చి వినడానికి కష్టంగా ఉంది కానీ కొట్టిపారేయలేకపోతున్నా.

#6 రెండోగొడుగు
నేను స్కైడైవింగ్ చేస్తాను, ఆరు వందల పైచిలుకు జంపులు అయ్యాయి. నా పేరు చూస్తేనే నేనెటు వైపో తెలిసిపోతుంది. రెండో గొడుగు అంటే రిజర్వ్ పారాచూట్.

నూట నలభయ్యో జంప్ అనుకుంటా. మెయిన్, అంటే మొదటి గొడుగు లాగాను, తెరుచుకుంది. కానీ ఒక వైపు తాళ్లు ముడిపడి ఆ పక్క సగం మడతపడిపోయింది. నన్ను వెల్లకిలా పడేసి తిప్పడం మొదలుపెట్టింది. భూమి, ఆకాశం, భూమి, ఆకాశం. ఒక చక్రంలో రెండు రంగులే కనిపిస్తాయి. కాళ్లలోకి రక్తం దిగిపోతున్నట్టు తెలుస్తుంటుంది. ఒకసారి తన్ని చూశా, విడలేదు. ఇక కుడి చేత్తో ఎర్ర హ్యాండిల్ పట్టుకుని పూర్తిగా లాగేశా, మెయిన్ తెగి పోయింది. ఆ తర్వాత ఒక్క క్షణం ఎంత నిశ్శబ్దమో చెప్పలేను. ఎడమ చేత్తో లోహపు హ్యాండిల్ లాగా. రిజర్వ్ టప్పున తెరుచుకుంది.

మొత్తం కలిపి ఎనిమిది సెకన్లు ఉండొచ్చు. కింద ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నా ఇన్‌స్ట్రక్టర్ వచ్చి అడిగింది ఒక్కటే: "ఎంత ఎత్తులో తెంపావ్?" చెప్పాను. తలూపి వెళ్లిపోయాడు.

నా చేతులు ఆ పని చేయకపోయినా చేసే పెట్టె ఒకటి రిజర్వ్‌లో ఉంటుంది. నేలకి దాదాపు 225 మీటర్ల దగ్గర కూడా నేను ఇంకా రాయిలా పడుతుంటే అది గుర్తుపట్టి, చిన్న బ్లేడుని పేల్చి, రిజర్వ్‌ని మూసి ఉంచే దారాన్ని తానే కోసేస్తుంది. 1991లో వచ్చిన సైప్రెస్ అనే పరికరంతో ఇది ఇంటింటి మాటయింది. స్పృహ తప్పిపడిపోతున్నవాళ్లని అది నేలకి చేర్చింది. మరి ఆ పెట్టె ఉంది కాబట్టి నేను దూకింది దూకుడు కాదా? @నిక్కచ్చి, తలుపు అంచున నిలబడి చూడండి ఒకసారి. ఆ పెట్టె మీకు గుర్తు కూడా రాదు.

#7 నిక్కచ్చి
@రెండోగొడుగు మీ ఎనిమిది సెకన్లు చదువుతుంటే ఊపిరి బిగబట్టా, నిజంగా. కానీ మీరు చెప్పింది నాకే సాక్ష్యం. ఆ ఎనిమిది సెకన్లలో ప్రాణం పణంగా ఉంది, అందుకే అది కథ అయింది. మిగతా ఆరు వందల జంపుల గురించి మీరు రాయలేదుగా.

#8 రెండోగొడుగు
@నిక్కచ్చి ఆ ఆరు వందలూ బాగా జరిగాయి కాబట్టి రాయలేదు. ఒక్క మధ్యాహ్నం పూట కూర్చోండి, ఒక్కోటీ చెప్తా. పదకొండు మంది చేతులు పట్టుకుని గుండ్రంగా కలిసిన జంప్ ఒకటుంది. అందులో ఎవరికీ గోరు కూడా విరగలేదు. నా జీవితంలో అంతకంటే అందమైన నిమిషం లేదు.

#9 జడత్వం
లెక్కల వైపు నుంచి ఒక మాట. "నేల మీద గీత గీసి నడిస్తే అదే కదా" అన్నారు. కాదు. గీత కదలదు. తీగ కదులుతుంది, పక్కకి ఊగుతుంది, పొడవునా అల వెళ్లి అవతలి స్తంభాన్ని తాకి తిరిగొచ్చి నడిచేవాడి కాళ్లనే తన్నుతుంది. తను వేసిన అడుగే మళ్లీ తన మీదకి వస్తుంది.

మా పిల్లలకి ఇలా చూపిస్తాను. సన్నటి అడ్డకర్ర మీద, జానెడు ఎత్తులో, చేతులు చాపి నడవమంటా. నాలుగడుగులకి దిగిపోతారు. తర్వాత పొడవాటి వెదురు కర్ర అడ్డంగా పట్టుకోమంటా. పదిహేను అడుగులు వేస్తారు. కర్ర రెండు చివర్లా నీళ్ల సీసాలు కడితే ఇంకా నిదానంగా ఊగుతారు, అవతలి దాకా వెళ్తారు. బరువు మధ్య నుంచి ఎంత దూరంగా ఉంటే తిప్పడం అంత కష్టం. దాన్నే జడత్వ భ్రామకం అంటాం. ఒరిగే వేగం తగ్గుతుంది, సర్దుకోవడానికి ఇంకో అర సెకను దొరుకుతుంది. తీగ నడక అంటే ఆ అర సెకన్లని ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోవడమే.

#10 కొత్తగువ్వ
మరి కర్ర చివర్లు కిందికి వంగి ఉంటాయి కదా ఫోటోల్లో, అదెందుకు?

#11 జడత్వం
@కొత్తగువ్వ మంచి ప్రశ్న. చివర్లు కిందికి దిగితే మనిషీ కర్రా కలిసిన గరిమనాభి కాస్త తీగ వైపుకి దిగుతుంది. ఎంత దిగితే అంత స్థిరం. కాకపోతే అసలు లాభం నేను పైన చెప్పిన మెల్లగా ఒరగడంలోనే ఉంది.

#12 నిక్కచ్చి
సరే, నా వైపు నుంచి ఒక్క పేరు. ఫిలిప్ పెటీ. 1974 ఆగస్టు 7. న్యూయార్క్ జంట భవనాల మధ్య, నాలుగు వందల మీటర్ల ఎత్తున, నడుముకి ఏమీ లేదు, కింద వల లేదు. ముప్పావు గంట అటూ ఇటూ నడిచాడు, మోకాలి మీద కూర్చున్నాడు, పడుకున్నాడు. ఆయనకి తాడు కట్టినట్టు ఊహించుకోండి. యాభై ఏళ్ల తర్వాత కూడా మనం మాట్లాడుకునేవాళ్లమా?

#13 పాతకాగితాలు
@నిక్కచ్చి మాట్లాడుకునేవాళ్లం. ఎందుకో చెప్తా.

ఆ ముప్పావు గంట వెనక ఆరేళ్లున్నాయి. ఆ భవనాల గురించి పత్రికలో చూసిన రోజు నుంచీ అదే ధ్యాస. మారువేషాల్లో లోపలికి వెళ్లి కొలతలు తీసుకున్నాడు. గాలికి భవనాలు ఎంత ఊగుతాయో కనుక్కున్నాడు. ముందు రోజు రాత్రి సామాను పైకి చేర్చి, ఒక పైకప్పు నుంచి ఇంకో పైకప్పుకి బాణం వేశారు. ఆ బాణానికి చేపల గాలం దారం. దానికి ఇంకాస్త లావు తాడు, దానికి ఇంకా లావుది, చివరికి ఉక్కు కేబుల్. ఆ కేబుల్ మెలిపడకుండా పక్క తాళ్లు. ఇదంతా చీకట్లో, కాపలావాళ్ల కళ్లు కప్పి. ఆయనకప్పుడు 24 ఏళ్లు.

తన ఒంటికి కట్టుకోలేదు, నిజమే. కానీ ఆ పక్క తాళ్లు కట్టకుండా అడుగు పెట్టేవాడు కాదు. మీరు "ఏమీ లేదు" అంటున్న చోట అంతా ఉంది. మనకి కనిపించలేదు, అంతే.

#14 గవాక్షం
పట్టుకున్నాక కేసు పెట్టి, పార్కులో పిల్లలకి ఉచితంగా విన్యాసం చేసి చూపించమని వదిలేశారట కదా. శిక్ష పడిన రోజున ఆయనకంటే సంతోషించినవాడు ఉండడు.

#15 కట్టుముడి
ఇన్ని పోస్టులయ్యాయి, కట్టేవాడి గురించి ఎవరూ రాయలేదు. నేను పద్నాలుగేళ్లు రిగ్గర్‌గా పనిచేశాను. ట్రపీజు (గాల్లో ఊగే కర్ర), సిల్క్స్ (పైనుంచి వేలాడే గుడ్డలు), తీగ, అన్నీ. పైన ఆడేవాళ్ల పేరు పోస్టర్ మీద ఉంటుంది. వాళ్ల బరువంతా మోసే ముడి మాది.

1931 ఫిబ్రవరిలో లిలియన్ లైట్‌జెల్ కోపెన్‌హేగన్‌లో పడిపోయింది. అప్పట్లో సర్కస్ లోకంలో అంత పేరున్న ఆడమనిషి లేదు. ఒంటి చేత్తో రింగు పట్టుకుని భుజం మీంచి గిరగిరా ఒళ్లు తిప్పేది, వందసార్లయినా ఆగేది కాదు. ఆ రోజు ఆమె చెయ్యి జారలేదు, ధైర్యమూ జారలేదు. పైన రింగు తిరగడానికి పెట్టిన స్వివెల్ విరిగింది. లోహం అలిసిపోయింది. రెండు రోజులకి చనిపోయింది.

1978లో కార్ల్ వాలెండా, నిక్ ముత్తాత, ప్యూర్టో రికోలో రెండు హోటల్ టవర్ల మధ్య నడుస్తూ పడిపోయాడు. 73 ఏళ్లు. అందరూ గాలి అంటారు, గాలి ఉన్న మాట నిజమే. కానీ ఆయన కుటుంబమే తర్వాత చెప్పింది, గై తాళ్లు సరిగ్గా కట్టలేదని. ఆ వీడియో నేను చూసినప్పుడు మనిషిని చూడను. తీగని చూస్తాను. అది ఊగుతున్న తీరు చూస్తేనే కడుపులో దేవుతుంది.

రోజూ ఏం చేస్తానో చెప్తా. ఉక్కు తీగ పొడవునా దూది ముద్ద పట్టుకుని లాక్కుంటూ పోతా. తెగిన పోగు ఒక్కటున్నా దూది దానికి పట్టుకుంటుంది. ఒట్టి చేత్తో తుడిస్తే చర్మం చీరేస్తుంది. షాకిల్ (తాళ్లని కలిపే ఇనుప కొక్కెం) పిన్ను బిగించాక, అది తనంతట తాను విప్పుకోకుండా సన్న తీగతో చుట్టి కట్టేస్తా. స్వివెల్‌ని చెవి దగ్గర పెట్టుకుని తిప్పుతా. మంచిది మాట్లాడదు.

ఒకసారి ఒక నిర్వాహకుడు ఆట మొదలయ్యే గంటన్నా లేదు, బీమ్ మీద కొత్త చోట వేలాడదీసే పాయింట్ పెట్టమన్నాడు, ఫోటోలు బాగా వస్తాయని. ఆ బీమ్ ఎంత మోస్తుందో కాగితం చూపించమన్నా. లేదు. కట్టనన్నా. వాయిదా వేశారు. ఆడాల్సిన అమ్మాయి నాతో వారం రోజులు మాట్లాడలేదు. తప్పు లేదు, వచ్చినవాళ్లు వెనక్కి వెళ్లిపోతుంటే ఆమె ఏడ్చింది. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ కట్టను.

#16 సన్నతీగ
@కట్టుముడి మూడుసార్లు చదివాను మీ పోస్టు. "మంచిది మాట్లాడదు" అన్న మాట నన్ను వదలడం లేదు.

#17 గవాక్షం
దూది సంగతి చదివి బట్టలారేసే తీగ మీద చేసి చూశా. మూడు చోట్ల పట్టుకుంది. ఇన్నాళ్లూ ఇంట్లో దుప్పట్లు ఎలుకలు కొరుకుతున్నాయని ఎలుకల మీదే నింద వేస్తున్నాం.

#18 కట్టుముడి
@గవాక్షం 😀 తీగ మార్చండి. ఎలుకలకి క్షమాపణ చెప్పండి.

#19 కొత్తగువ్వ
వల ఉంటే ఏం భయం లేదు కదా అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. అదీ నిజం కాదా?

#20 కట్టుముడి
@కొత్తగువ్వ వల మీద పడటం కూడా ఒక విద్యే. కాళ్ల మీద పడితే మోకాళ్లు, చీలమండలు పోతాయి. బోర్లా పడితే మెడ. వీపు మీద, ఒళ్లంతా ఒకేసారి తగిలేలా పడాలి. అంచున పడితే వలే ఎగరేసి బయట పారేస్తుంది. ట్రపీజు నేర్పేటప్పుడు ఎగరడం తర్వాత, ముందు పడటమే నేర్పుతాం.

ఇంకొకటి. అందరూ ఎగిరేవాడినే చూస్తారు. 1982 జూలైలో మిగెల్ వాస్కెజ్ ప్రేక్షకుల ముందు మొట్టమొదటిసారి గాల్లో నాలుగు పల్టీలు కొట్టి చేతులు చాపాడు. ఆ చేతులు పట్టుకున్నది వాళ్ల అన్న హువాన్. తలకిందులుగా వేలాడుతూ, అంత వేగంతో వచ్చే తమ్ముడి మణికట్టు దొరకబుచ్చుకోవాలి. వేళ్లు కాదు, మణికట్టుకి మణికట్టు. నా దృష్టిలో ఆ రోజు రికార్డు ఇద్దరిదీ.

#21 పొగచార
విమానాల వైపు నుంచి ఎవరూ రాలేదు, నేనొస్తా. ఒక విన్యాసాల బృందానికి నేల మీద పనిచేసిన మెకానిక్‌ని. పొగ నూనె ట్యాంకులు నింపింది ఈ చేతులతోనే. ఆ తెల్లటి చార ఏమీ కాలిన పొగ కాదు. వేడి ఎగ్జాస్ట్‌లోకి నూనె చిమ్మితే ఆవిరై, మళ్లీ చల్లబడి సన్నటి బిందువులవుతుంది.

విమానంలో నడుముకి కట్టుకునే తాడంటూ ఉండదు. మా తాడు ఎత్తు. ఎంత ఎత్తుంటే అంత తాడు. లూప్, అంటే గాల్లో నిలువుగా గుండ్రం కొట్టేటప్పుడు పైకొనకి చేరేసరికి ఇంత ఎత్తు, ఇంత వేగం ఉండాలని ముందే రాసుకుంటారు. ఆ అంకె లేకపోతే కిందికి లాగకూడదు, అక్కడే పక్కకి పొర్లించి బయటపడాలి. 2015లో ఇంగ్లండ్‌లోని షోరమ్‌లో హాకర్ హంటర్ విమానం పైకొన చేరేసరికి ఉండాల్సిన ఎత్తు లేదు. అయినా లూప్ పూర్తి చేయబోయింది, రోడ్డు మీద కూలింది. 11 మంది పోయారు. వాళ్లలో కొందరు టికెట్టు కొని ప్రదర్శన చూడటానికి వచ్చినవాళ్లు కూడా కాదు, ఆ దారిన పోతున్నవాళ్లు.

@నిక్కచ్చి, అందుకే "ప్రాణం వెల" అన్న మాట నాకు మింగుడుపడదు. 1988 ఆగస్టు 28, జర్మనీలోని రామ్‌స్టైన్. ఇటలీ బృందం ఆకాశంలో గుండె బొమ్మ గీస్తోంది. రెండు గుంపులు చెరో సగం గీస్తుంటే, ఒక్క విమానం ఆ మధ్యలోంచి బాణంలా దూసుకుని ప్రేక్షకుల వైపు రావాలి. మూడు ఢీకొన్నాయి, ఒకటి జనం మీద పడింది. పైలట్లు ముగ్గురితో కలిపి 70 మంది. ఆ తర్వాతే జనం వైపుగా విన్యాసం చేయకూడదన్న నియమం చాలా దేశాల్లో గట్టిగా బిగిసింది. ఇప్పుడు మీరు ఏ ప్రదర్శన చూసినా ఎదురెదురుగా వచ్చే రెండు విమానాలు మీ కళ్లకి తగలబోతున్నట్టే ఉంటాయి. నిజానికి వాటి మధ్య పక్కకి దూరం ఉంటుంది. నేల మీద మీరున్న చోటి నుంచి అది కనిపించదు. అది మోసం అంటారా మీరు?

#22 నిక్కచ్చి
అనను. ప్రేక్షకుల ప్రాణం విషయంలో నాకు రెండో మాట లేదు. నేను అంటున్నది చేసేవాడి సొంత ప్రాణం గురించే.

#23 పొగచార
సొంత ప్రాణం అని ఒంటరిగా ఉండదండీ బృందంలో. 1982 జనవరిలో అమెరికా థండర్‌బర్డ్స్ బృందం సాధనలో నాలుగు విమానాలు పక్కపక్కనే వరసలో లూప్ కొడుతున్నాయి. నాయకుడి విమానంలో నియంత్రణ బిగుసుకుపోయింది, సమయానికి పైకి లేవలేదు. మిగతా ముగ్గురి విమానాలూ బాగానే ఉన్నాయి. కానీ వాళ్ల కళ్లు నేల మీద ఉండవు, నాయకుడి రెక్క మీదే ఉంటాయి. అలా ఉండమనే నేర్పారు. నలుగురూ పోయారు.

ఇంత నమ్మకం పెట్టుకుని ఎగిరేవాళ్ల దగ్గర నిలబడి, విమానం బయల్దేరేముందు పైలట్ రెక్క కింద చెయ్యి ఆనించి ఒక్క క్షణం ఆగడం నేను చూశా. ఏం అనుకునేవాడో ఎప్పుడూ అడగలేదు.

#24 నీలిమేఘం
నేనిక్కడ చదవడమే కానీ రాయను. మా అమ్మాయి ఏరియల్ సిల్క్స్ నేర్చుకుంటోంది, రెండేళ్లయింది. మోకాళ్ల వెనక గుడ్డ ఒరుసుకుని ఎర్రటి చారలు, చంకల కింద కమిలిన మచ్చలు. మొన్న ఎనిమిది మీటర్ల నుంచి చుట్టలు విప్పుకుంటూ జారి నేలకి మూడడుగుల పైన ఆగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. కింద మందపాటి పరుపు ఉంది. అయినా సరే.

@నిక్కచ్చి గారూ, మీరు చెడ్డ మాట అనలేదు, మీ ఉద్దేశం అర్థమవుతూనే ఉంది. కానీ ఆ కామెంట్లు మా అమ్మాయి కూడా చదువుతుంది. "వల ఉంటే ఏం గొప్ప" అని పదహారేళ్ల పిల్ల చదివితే ఏమనుకుంటుందో ఆలోచించండి. పోయిన నెల నన్నడిగింది, "అమ్మా, పరుపు లేకుండా వీడియో తీస్తే ఎక్కువ మంది చూస్తారేమో" అని.

#25 నిక్కచ్చి
ఈ పోస్టుకి వెంటనే జవాబు రాయలేకపోయాను. పొద్దున్నుంచీ ఆలోచిస్తున్నా. పదహారేళ్ల పిల్ల వైపు నుంచి నేను ఆలోచించలేదు. అమ్మాయికి చెప్పండి, పరుపు తీసేస్తే చూడనివాళ్లలో నేను మొదటివాడినని.

పెద్దవాళ్ల విషయంలో మాత్రం నా ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

#26 పాతకాగితాలు
@నీలిమేఘం మీ అమ్మాయికి రెండు కథలు చెప్పండి.

బెస్సీ కోల్మన్. తన దేశం అమెరికాలో ఏ బడీ నల్లజాతి ఆడపిల్లకి విమానం నేర్పనంటే ఫ్రెంచ్ నేర్చుకుని ఫ్రాన్స్ వెళ్లి 1921లో లైసెన్స్ తెచ్చుకుంది. నల్లవాళ్లకి వేరే గేటు పెడితే ఆడనని చెప్పేసేది. 1926 ఏప్రిల్ 30న, మర్నాడు పారాచూట్‌తో ఎక్కడ దూకాలో చూసుకోవడానికి విమానం అంచు మీంచి కిందికి వంగాలని బెల్టు పెట్టుకోలేదు. నడుపుతున్నది ఆమె మెకానిక్. మరచిపోయిన రెంచ్ ఒకటి కంట్రోళ్లలో ఇరుక్కుంది. విమానం తిరగబడింది, ఆమె బయట పడిపోయింది. 34 ఏళ్లు. రెంచ్ ఒకటి, బెల్టు ఒకటి.

రెండోది గ్లాడిస్ ఇంగిల్. ఎగురుతున్న విమానం రెక్క మీంచి ఇంకో విమానం రెక్క మీదకి మారేది. వీపున చక్రం కట్టుకుని వెళ్లి, చక్రం ఊడిన విమానానికి గాల్లోనే దాన్ని బిగించిన ఫిల్ము ఉంది. పారాచూట్ లేదు. ఆమె ఎనభై దాటి బతికింది. ఇది చూసి "ఏమీ లేకుండా కూడా బతికారుగా" అనుకోకూడదు. అదే పని చేసిన ఆమె కాలంవాళ్లు ఎంతమంది ముప్పై చూడలేదో అప్పటి పత్రికలు తిరగేస్తే తెలుస్తుంది. ఓర్మర్ లాక్లియర్, రెక్కల మీద నడకకి పేరు తెచ్చినవాడే, 1920లో రాత్రిపూట చిత్రీకరణలో పోయాడు.

#27 ఎత్తుపల్లం
మధ్యలో దూరుతున్నా. లూక్ ఐకిన్స్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2016లో 7,620 మీటర్ల నుంచి పారాచూట్ లేకుండా దూకి వల మీద పడ్డాడు. జాగ్రత్తే గొప్ప అంటున్నవాళ్లు దీనికేమంటారు?

#28 రెండోగొడుగు
@ఎత్తుపల్లం ఇది నేను ఎదురుచూస్తున్న ప్రశ్న. దూకడానికి కాసేపటి ముందు, పారాచూట్ తగిలించుకోవాల్సిందేనని నటుల యూనియన్ షరతు పెట్టింది. ఆయన అది మరింత ప్రమాదమన్నాడు. ఎందుకంటే వల మీద వీపు ఆనించి పడాలి, వీపున మూట ఉంటే వెన్నెముక విరుగుతుంది. చివరి నిమిషంలో షరతు తీసేశారు. అంటే జాగ్రత్త అనేది ఎప్పుడూ ఒకే వస్తువు కాదు. ఒక చోట ప్రాణం కాపాడేది ఇంకో చోట తీస్తుంది. అది లెక్కవేయగలవాడే ఆ పని చేయాలి. దూకేనాటికి ఆయన వెనక 18 వేల జంపులున్నాయి.

అదే మనిషిని 2022లో నేను సమర్థించను. రెండు విమానాలని ముక్కు కిందికి పెట్టి వదిలేసి, ఇద్దరు పైలట్లూ గాల్లోనే ఒకరి విమానంలోకి ఒకరు మారాలన్నది ఆలోచన. అధికారులు అనుమతి ఇవ్వలేదు. అయినా చేశారు. ఈయన మారగలిగాడు. రెండో విమానం గింగిరాలు కొడుతూ పడిపోయింది, అందులోకి వెళ్లాల్సిన పైలట్ పారాచూట్‌తో దిగాడు. ఇద్దరి లైసెన్సులూ రద్దయ్యాయి. ఎడారి మీద కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నాకు ఆయనంటే ఎంత గౌరవమో, ఆ రోజు అంత కోపం వచ్చింది.

#29 ఎత్తుపల్లం
అలా అయితే బామ్‌గార్ట్‌నర్? 2012లో బెలూన్ క్యాప్సూల్‌లో వెళ్లి 38,969 మీటర్ల నుంచి దూకాడుగా.

#30 రెండోగొడుగు
ఆయన దూకినదాంట్లో నాకు నచ్చేది వేగం కాదు. గింగిరాలు మొదలైనప్పుడు చూడండి. చేతులు కొద్దికొద్దిగా కదిపి వాటిలోంచి బయటికొచ్చాడు. ఆగకపోతే దానంతట అదే తెరుచుకుని మనిషిని నిలకడగా ఉంచే చిన్న డ్రోగ్ పారాచూట్ ఒకటి పెట్టారు, దాని అవసరం రాలేదు. చెవిలో మాట్లాడింది జో కిటింజర్, 1960లో 31 కిలోమీటర్ల నుంచి దూకినవాడు. తను దూకిన ఆ 1960 నాటి రోజు కిటింజర్ కుడి చేతి తొడుగులో గాలి పీడనం నిలవలేదు. చెయ్యి వాచిపోతున్నా చాలా పైకి వెళ్లేదాకా కింద ఎవరికీ చెప్పలేదు, చెప్తే దించేస్తారని. ఆ మొండితనం నాకు నచ్చదు, ఆ మనిషంటే ప్రాణం. రెండూ నిజమే.

2014లో ఆలన్ యూస్టస్ ఇంకా పైనుంచి, 41,419 మీటర్ల నుంచి దూకాడు. డ్రోగ్ వాడాడు, మొదటి నుంచే. మామూలు జనంలో పది మందిని అడిగితే ఆయన పేరు ఒక్కరికీ తెలియదు.

బామ్‌గార్ట్‌నర్ 2025 జూలైలో మోటారు పారాగ్లైడర్ కూలి పోయాడు. అంతరిక్షం అంచు నుంచి దిగొచ్చిన మనిషి. వార్త చూసిన రోజు మా డ్రాప్ జోన్‌లో, అంటే మేం దూకి దిగే మైదానంలో, ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

#31 నిక్కచ్చి
యూస్టస్ పేరు నేనూ వినలేదు. ఇప్పుడే వీడియో చూశాను. క్యాప్సూల్ కూడా లేదు, సూటు వేసుకుని బెలూన్ కింద వేలాడుతూ వెళ్లాడు.

"సాహసం అంటే ప్రాణం వెల" అన్న మాట వెనక్కి తీసుకోను. కానీ #1లో సన్నతీగ చెప్పిన ఆ కామెంట్ల పక్కన నా మాట నిలబడటం నాకిష్టం లేదు. వాలెండా వీడియో కూడా చూశా. తాడు కోసం వెతుక్కుంటూ మొదలుపెట్టా. సగం దూరం వెళ్లేసరికి తాడు మర్చిపోయి ఆయన పాదాలే చూస్తున్నా.

#32 గవాక్షం
అవతలి గట్టున, కెనడాలో, పాస్‌పోర్ట్ చూపించాడు, అది చూశారా? తడవకుండా జేబులో పెట్టుకుని తెచ్చుకున్నాడు. అంత జాగ్రత్తపరుడు ఆయన.

#33 నీలిమేఘం
@కట్టుముడి గారూ, మీ పోస్టు మా అమ్మాయికి చదివి వినిపించా. నిన్న క్లాసుకి నేనూ వెళ్లాను. స్వివెల్ కిందికి దింపించి చెవి దగ్గర పెట్టి తిప్పమన్నాను. అమ్మాయే తిప్పింది. ఇసుక నలిగినట్టు గరగరమని శబ్దం. పక్కనున్న కొత్తదాన్ని తిప్పితే ఏమీ లేదు. ట్రైనర్ మొదట "ఇంకా బాగానే ఉంది" అన్నారు, తర్వాత తనే తిప్పి చూసుకుని మార్చేశారు. పాతది చెత్తబుట్టలో వేశారు.

#34 కట్టుముడి
@నీలిమేఘం అమ్మాయి చెవి మంచిది. చెత్తబుట్టలోంచి దాన్ని తీయించండి. అలా వదిలేస్తే రేపు ఎవరో చూసి, బాగానే ఉందిగా అని మళ్లీ తగిలిస్తారు. నేను చూశాను అలా. గ్రైండర్‌తో రెండు ముక్కలు చేయించి పారేయమనండి.

#35 నీలిమేఘం
ఇప్పుడే ఫోన్ చేశాను. ఇంకా బుట్టలోనే ఉందట. సాయంత్రం మేమిద్దరం వెళ్లి దగ్గరుండి కోయిస్తాం.